అచ్చులు మిగిలిపోయిన ఊరు

ఫిలడెల్ఫియాలో సిక్స్త్ స్ట్రీట్, చెర్రీ స్ట్రీట్ కలిసే మూల దగ్గర చూడ్డానికి ఏమీ లేదు. సెప్టెంబరు చివరి రోజులు. ఆఫీసుల జనం కాఫీ కప్పులు పట్టుకుని గబగబా పోతున్నారు. ఫుట్‌పాత్ పక్క చెట్టుకు ఒక్క కొమ్మ మాత్రం పసుపు తిరిగింది. 1792లో ఇక్కడ జాన్ హార్పర్ అనే రంపాలు చేసే ఆయన ఉండేవాడు. ఆ జులైలో అతని నేలమాళిగలో ఒక అచ్చుయంత్రం నిలబెట్టి, అమెరికా ప్రభుత్వం తన కొత్త చట్టం కింద మొదటి వెండి నాణేలు కొట్టించింది. టంకశాల కట్టుకోవడానికి స్థలం అప్పటికింకా చేతికి రాలేదు. విదేశాంగ వ్యవహారాలు చూస్తున్న థామస్ జెఫర్సన్ 75 డాలర్లు ఇచ్చి, జులై 13న 1,500 హాఫ్ డిస్మ్‌లు అందుకున్నట్టు తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కొక్కటి ఐదు సెంట్లు.

"ఇంతేనా అత్తా?" అంది మా మేనకోడలు, వీధి అటూ ఇటూ చూసి.

ఇంతే. కానీ నాకు ఆ మూల మీద నిలబడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. పాత నాణేల మీద నాకున్న ఇష్టం రాజుల వల్ల వచ్చింది కాదు. ఒక నాణెం చలామణిలోకి వెళ్ళక ముందు, ఇలా ఉంటే బాగుంటుందా, అలా ఉంటే బాగుంటుందా అని కొన్ని కొట్టి చూస్తారు. అవి నమూనా నాణేలు. వాటిలో ఆ దేశం ఇంకా తేల్చుకోని ప్రశ్నలన్నీ కనిపిస్తాయి. ఏ లోహం, ఎంత బరువు, ఎవరి ముఖం? అవి కొన్నే ఉంటాయి కాబట్టి అందరికీ కావాలి. అందుకని ఆ పాత అచ్చుల్ని ఎవరో ఎప్పుడో బయటికి తీసి మళ్ళీ కొడతారు. వాటిని రీస్ట్రైక్‌లు అంటారు, మలిముద్రలన్నమాట. అమెరికాకు సంబంధించినంత వరకు ఈ రెండు కథలూ ఎక్కువగా ఒకే ఊళ్ళో, కాలినడకన తిరిగేంత దూరంలోనే జరిగాయి.

చెర్రీ స్ట్రీట్ నుంచి సెవెంత్ స్ట్రీట్‌కి నాలుగు అడుగులు. అక్కడ పాడుబడ్డ సారా బట్టీని పడగొట్టి, జులై 31న మొదటి టంకశాలకు పునాదిరాయి వేశారు. డైరెక్టరు డేవిడ్ రిట్టెన్‌హౌస్ ఖగోళ శాస్త్రవేత్త. ముద్రణాధికారి హెన్రీ వోయిట్ గడియారాలు చేసేవాడు. కొత్త దేశానికి డబ్బు చేసే పని ఇలా నక్షత్రాలు లెక్కపెట్టేవాళ్ళ చేతికీ, పళ్ళచక్రాలు అరగదీసేవాళ్ళ చేతికీ వచ్చింది. లోహపు రేకుల్ని పలచన చేసే యంత్రాన్ని గుర్రాలు తిప్పేవి. ఆ భవనాలు 1833 దాకా పనిచేశాయి. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాంక్ స్టీవార్ట్ అనే కరెంటు సామాన్ల వ్యాపారి ఆ స్థలం కొని, వాటిని కాపాడాలని ప్రయత్నించాడు. ఎవరూ ముందుకు రాలేదు. 1911 నాటికి అవి నేలమట్టమయ్యాయి. ఆయన మాత్రం వదల్లేదు. దొరికిన కాగితాలూ పనిముట్లూ పోగుచేశాడు, చిత్రకారులతో పాత టంకశాల బొమ్మలు వేయించాడు, 1924లో దాని చరిత్ర ఒక పుస్తకంగా వేశాడు. ఇప్పుడక్కడ ఒక పెద్ద ప్రభుత్వ కార్యాలయం ఉంది. ఆ గోడ నీడలో నిలబడి నేను స్టీవార్ట్‌కి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. ఒక్కడు పట్టించుకోవడం వల్ల ఎంత మిగిలిందో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

1792 నమూనాల్లో నాకు అన్నిటికన్నా ప్రాణమైనది వెండి బొట్టు సెంటు. ఆ ఏడాది ఏప్రిల్ 2న వచ్చిన చట్టం ప్రకారం సెంటులో 264 గ్రెయిన్ల రాగి ఉండాలి, అంటే సుమారు 17 గ్రాములు. నాణెంలో ఎంత విలువ రాసి ఉందో అంత విలువైన లోహం ఉండాలని ఆనాటి పట్టుదల. జేబులో నాలుగు సెంట్లు పడితే జేబు జారిపోతుంది. అప్పుడు వోయిట్ ఒక ఉపాయం ఆలోచించాడు. చిన్న రాగి బిళ్ళకు మధ్యలో రంధ్రం చేసి, అందులో ముప్పావు సెంటు విలువైన వెండి మేకు దూర్చి, అచ్చు కింద పెట్టి కొట్టాడు. ఆ దెబ్బకు వెండి రంధ్రం నిండా పరుచుకుని అతుక్కుపోయింది. చుట్టూ ఉన్న రాగి పావు సెంటు. రెండూ కలిస్తే సెంటు, చేతికి తేలిక. డిసెంబరు 18న జెఫర్సన్ ఈ సంగతి వాషింగ్టన్‌కు ఉత్తరంలో రాశాడు. అదే వెండిని రాగిలో కరిగించి కలిపేసిన రకం కూడా చేసి చూశారు. కాని కళ్ళతో చూస్తే అది ఉత్త రాగి లాగే ఉంటుంది, మోసగాళ్ళకు సుళువు. బిళ్ళ బిళ్ళకూ రంధ్రం చేసి మేకు దిగ్గొట్టడం కూడా జరిగే పని కాదు. చివరికి 1793 జనవరిలో చట్టమే మార్చి, సెంటు బరువును 208 గ్రెయిన్లకు దించేశారు. ఆ బొట్టు ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే మిగిలాయి. చేతిపనివాడి తెలివి చట్టాన్ని గౌరవిస్తూనే దాన్ని దాటే దారి వెతకడం ఆ చిన్న బిళ్ళలో కనిపిస్తుంది. అందుకే అది నాకంత ఇష్టం.

ఆ పూట రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో తిన్నాం. 1893 నుంచి నడుస్తున్న పెద్ద తిండి బజారు అది. ఇనుప దూలాల కింద వరసగా అంగళ్ళు. తెల్లటి టోపీలు పెట్టుకున్న ఆమిష్ క్రైస్తవ శాఖ ఆడపిల్లలు పిండిని తాడులా సాగదీసి, ముడివేసి, ప్రెట్జెల్ చేసి, పొయ్యిలోంచి తీయగానే వెన్నలో ముంచి ఇస్తున్నారు. పైన ఉప్పురాళ్ళు. బల్ల ఖాళీ లేక నిలబడి ఉంటే ఒక పెద్దాయన తన పళ్ళెం జరుపుకుని, మాకు చోటిచ్చాడు. ఎందుకొచ్చారని అడిగాడు. పాత నాణేల కోసమని చెప్పాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. తన చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ డబ్బాలో 1943 నాటి ఉక్కు సెంట్లు ఉండేవనీ, యుద్ధం కోసం రాగి మిగల్చాలని అలా చేశారనీ, వాటిని అయస్కాంతంతో ఎత్తి ఆడుకునేవాళ్ళమనీ చెప్పాడు. లేచి వెళ్ళేటప్పుడు తన బల్ల భాగం తనే తుడిచి వెళ్ళాడు.

ఇప్పటి టంకశాల ఆర్చ్ స్ట్రీట్ మీద ఉంది. ఊళ్ళో ఇది నాలుగోది, 1969లో తెరిచారు. పై అంతస్తు అద్దాల వెనక నడుస్తూ కింద పని చూడొచ్చు. యంత్రాల్లోంచి బిళ్ళలు జలపాతంలా రాలుతుంటే ఒక్కొక్కటి చూడాలన్నా కన్ను ఆగదు. సెవెంత్ స్ట్రీట్‌లో గుర్రాలు తిప్పిన చక్రాన్ని తలుచుకుని నిలబడ్డాను. లోపల రెండు వస్తువులు నన్ను ఆపేశాయి. ఒకటి మొదటి టంకశాలనాటి మరచుట్టు అచ్చుయంత్రం. రెండోది గాజుపెట్టెలో రెక్కలు విప్పిన ఒక గద్ద. పీటర్ అని పేరు పెట్టుకుని టంకశాల పనివాళ్ళు పెంచుకున్న పక్షి అది. యంత్రంలో రెక్క ఇరుక్కుని 1836లో చనిపోతే, పారేయడానికి మనసొప్పక దాని చర్మంలో దూది కూరి నిలబెట్టారు. పై గోడల మీద టిఫనీ వాళ్ళ గాజుముక్కల చిత్రాలున్నాయి. పాత రోమను పద్ధతిలో లోహం కరిగించడం, తూచడం, ముద్ర కొట్టడం, అన్నీ బొద్దు పిల్లలు చేస్తున్నట్టు. స్ప్రింగ్ గార్డెన్ స్ట్రీట్‌లో ఉన్న మూడో టంకశాల నుంచి వాటిని ఇక్కడికి తెచ్చారు. ఆ మూడో భవనంలో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది.

వీధి దాటితే క్రైస్ట్ చర్చి శ్మశానం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి పలక మీద జనం సెంట్లు విసురుతున్నారు. రాజమండ్రి వంతెన మీద రైలు గోదావరి దాటేటప్పుడు మనవాళ్ళు కిటికీలోంచి డబ్బులు వేసి దణ్ణం పెట్టుకోవడం గుర్తొచ్చింది. మనది నీళ్ళలో పడుతుంది, వీళ్ళది రాతి మీద ఖణేలుమంటుంది. ఎన్నో ఏళ్ళుగా పడ్డ ఆ సెంట్లకు పలక మీద గుంటలు పడ్డాయి. నేను ఇంటికి తిరిగొచ్చిన కొన్నాళ్ళకే, 2025 నవంబరు 12న, వీధికి అవతల ఉన్న ఆ టంకశాలలోనే చలామణి కోసం చేసే ఆఖరి సెంట్లు కొట్టారని వార్త చదివాను. ఒక సెంటు చేయడానికి మూడున్నర సెంట్లకు పైగా ఖర్చవుతోందట. ఒక్క సెంటు విలువ రాగిని ఒక్క సెంటు నాణెంలో ఎలా పట్టించాలని వోయిట్ తల బద్దలు కొట్టుకున్న ఊరు ఇదే.

మర్నాడు మార్కెట్ స్ట్రీట్ వెంట నడిచాం. 19వ శతాబ్దంలో జోసెఫ్ మిక్లీ అనే ఆయన ఈ వీధిలో ఉండేవాడు. పియానోలు, వయొలిన్లు బాగుచేయడం వృత్తి. తను పుట్టిన 1799 నాటి సెంటు ఒకటి కావాలని వెతకడంతో మొదలుపెట్టి, దేశంలోనే పేరుమోసిన నాణేల సేకర్తగా ఎదిగాడు. ఆ రోజుల్లో టంకశాలవాళ్ళు పాత అచ్చుల్ని ఇనుప తుక్కు కింద అమ్మేసేవారు. అలా కొన్ని మిక్లీ ఇంటికి చేరాయి. ఆయన పేరుతోనే పిలిచే ఒక మలిముద్ర ఉంది. 1811 నాటి అర సెంటు బొమ్మవైపు అచ్చుకు 1802 నాటి బొరుసు జతచేసి, డజను దాకా కొట్టారు. ఇలాంటిదే 1804 సెంటు. తుప్పు పట్టిన 1803 అచ్చు మీద 4 చెక్కి, వెనక 1820 నాటి అచ్చు పెట్టి, 1860 ప్రాంతంలో ఎవరో ముద్ర వేశారు. దాని వెనక ఉన్న ఆకుల దండ 1804లో ఇంకా పుట్టనే లేదు. ఇది మిక్లీయే చేశాడని చాలామంది అంటారు, రుజువు లేదు. ఆయన 1878లో పోయాక సేకరణ వేలానికి వచ్చినప్పుడు, అందులోని అచ్చుల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది.

ఆ ఫుట్‌పాత్ మీద నేను చాలాసేపు ఈ విషయమే ఆలోచించాను. మలిముద్ర దొంగనాణెమా? అచ్చు అసలుదే. ఉక్కులో చెక్కిన చెయ్యి కూడా ఆ పాతకాలపు చెయ్యే. లేనిదల్లా ఆ రోజు. జెఫర్సన్ డబ్బు సంచి పట్టుకుని ఎదురుచూసిన రోజు, ఎండలో టంకశాల దూలాలు పైకెత్తిన రోజు. అచ్చును దాచుకోవచ్చు కాని సందర్భాన్ని దాచుకోలేం. పైగా తుప్పు అబద్ధం ఆడదు. పాతబడ్డ అచ్చు మీద పడ్డ గుంటలు నాణెం మీద చిన్న చిన్న బుడిపెలుగా లేస్తాయి, పగుళ్ళు గీతలుగా దిగుతాయి. వాటిని చదవడం వచ్చినవాళ్ళకు అది ఎప్పుడు కొట్టిందో ఆ నాణెమే చెబుతుంది. నా దృష్టిలో తప్పు మళ్ళీ కొట్టడంలో లేదు. కొట్టానని చెప్పకుండా అమ్మడంలో ఉంది. అమెరికాలో 1973లో ఒక చట్టం తెచ్చి, నకలు నాణేల మీద అది నకలేనని స్పష్టంగా ముద్రించాలని పెట్టారు. వందేళ్ళ ముందే అది వచ్చి ఉంటే ఎన్ని తగాదాలు తప్పేవో!

అక్కడికి దగ్గర్లోనే చెస్ట్‌నట్ స్ట్రీట్. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, దక్షిణాది రాష్ట్రాల కోసం సెంటు నమూనా చెయ్యమని ఈ వీధిలోని బెయిలీ నగల కంపెనీ రాబర్ట్ లవెట్ జూనియర్ అనే చెక్కుడు పనివాణ్ణి అడిగింది. అతను అచ్చులు చెక్కాడు, రాగి-నికెల్ మిశ్రమంలో పన్నెండు కొట్టాడు. దండ అడుగున ఉన్న పత్తి మూట మీద తన ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని చిన్నగా పెట్టాడు. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఉత్తరాది నగరంలో కూర్చుని శత్రువుకు డబ్బు చేశాడని తెలిస్తే జైలే. అచ్చుల్నీ నాణేల్నీ దాచేశాడు. అదృష్టానికని జేబులో ఒకటి ఉంచుకున్నాడనీ, ఒక సారా కొట్లో పొరపాటున దాన్ని ఇచ్చేశాడనీ, గుట్టు అలా బయటపడిందనీ ఒక కథ ఉంది. 1873లో జాన్ హాసెల్టైన్ అనే నాణేల వ్యాపారి అతని వెంటపడి, బతిమాలి, అచ్చులు కొనుక్కున్నాడు. మరుసటేడు పీటర్ క్రైడర్ అనే వెండిపనివాడితో ఏడు బంగారువి, పన్నెండు వెండివి, 55 రాగివి కొట్టించాడు. పని చివర్లో అచ్చు విరిగింది. ఎన్ని కొట్టిందీ హాసెల్టైన్ అచ్చువేసి మరీ చెప్పాడు. ఆ మాట వల్లే అతనంటే నాకు గౌరవం.

ఫిలడెల్ఫియా నుంచి లాంకాస్టర్ వైపు వెళ్తుంటే ఊరు సడలిపోయి పొలాలు వస్తాయి. మొక్కజొన్న చేలు ఎండి గోధుమరంగు తిరిగి ఉన్నాయి. తెల్లటి పశువుల కొట్టాలు, వాటి పక్కన ధాన్యం నిలవచేసే పొడవాటి గుండ్రటి గోపురాలు. ఇళ్ళ ముందు తాళ్ళ మీద నీలం, నలుపు, ఊదా బట్టలు వరసగా ఆరేసి ఉన్నాయి. రోడ్డు వారగా గుర్రపు బగ్గీ పోతుంటే వెనకున్న కార్లు హారన్ కొట్టకుండా నెమ్మదిగా వస్తున్నాయి. లాంకాస్టర్ నడిమధ్యన 1889లో ఎర్ర ఇటుకలతో కట్టిన సెంట్రల్ మార్కెట్లో బెల్లపు పాకంలాంటి మొలాసిస్ పోసి చేసే షూఫ్లై పై తిన్నాను. అమ్మే ఆమె చిల్లరంతా లెక్కపెట్టి, బల్ల మీద పెట్టకుండా నా అరచేతిలోనే పెట్టింది. ఆఖరి సెంటు దాకా.

ఈ ఊరికి నేను వచ్చింది పీటర్ గెట్జ్ కోసం. 1792 తొలి నెలల్లో టంకశాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు, నాణేల మీద అధ్యక్షుడి ముఖం వేయాలని సెనేట్ అంది. లాంకాస్టర్‌లో వెండిపని చేసుకునే గెట్జ్ ఆ పని తనకే రావాలని వాషింగ్టన్ ముఖంతో అర డాలరు నమూనాలు చేశాడు. పేరు పక్కన అధ్యక్షుడు అని రాసి, రోమను అంకెల్లో ఒకటి వేశాడు. రాజులకు వేస్తారే, మొదటి జార్జ్, రెండో జార్జ్ అని, అలాగ. ప్రతినిధుల సభ ససేమిరా అంది. రాజును కాదని యుద్ధం చేసి, మళ్ళీ మనిషి తల వేసుకుంటామా అని వాదించారు. స్వేచ్ఛకు గుర్తుగా ఉండే ముద్ర వెయ్యాలని చట్టంలో పెట్టారు. గెట్జ్ నమూనాలు నమూనాలుగానే మిగిలాయి. అయినా ఆ ఏడాదే బర్చ్ అనే శిల్పి చేసిన పెద్ద సెంటు నమూనాల్లో, తెల్లలోహంతో కొట్టిన ఒకదాని వెనక వాషింగ్టన్ పేరు పొడి అక్షరాలు ఉన్నాయి. బొమ్మవైపు మాత్రం విజ్ఞానానికీ పరిశ్రమకూ స్వేచ్ఛే మాతృమూర్తి అన్న అర్థం వచ్చే వాక్యం చుట్టూ తిరుగుతుంది. ఇంత చక్కటి మాట మరే నాణెం మీదా నేను చదవలేదు. కొత్త దేశం తన డబ్బు మీద ఏం రాసుకోవాలా అని వెతుక్కుంటూ ఈ మాట దగ్గర కాసేపైనా ఆగిందంటే, ఆ మనుషుల మీద నాకు ఆప్యాయత కలుగుతుంది. పాదరసంలా మెరిసిన మరో ప్రతిభ జోసెఫ్ రైట్. భూగోళం మీద వాలిన గద్దతో పావు డాలరు నమూనా చేశాడు. 1793లో ఫిలడెల్ఫియాను ఊడ్చేసిన పచ్చజ్వరంలో పోయాడు.

బాల్టిమోర్‌లో రేవు గాలికి ఉప్పు వాసన, ఉడికించిన పీతల మసాలా వాసన కలిసి వచ్చాయి. కాగితం పరిచిన బల్లమీద పీతలు గుట్టగా పోసి, చెక్క సుత్తి చేతికిచ్చి, మీరే పగలగొట్టుకోండి అంటారు. పక్క బల్లలో ఒక కుటుంబం మా చేతులు చూసి, గుల్ల ఎక్కడ కొడితే విడిపోతుందో దగ్గరికి వచ్చి మరీ చూపించారు.

ఈ ఊళ్ళోనే ఒక చిన్న నాణేల కొట్టులోకి వెళ్ళాం. యజమాని డెబ్బై దాటిన మనిషి. నల్ల మఖమలు గుడ్డ పరిచి, దాని మీద ఒక కంచు సెంటు పెట్టాడు. "అంచు పట్టుకుని తీయండమ్మా, ముఖం మీద వేలు పెట్టకండి" అన్నట్టుగా తన వేళ్ళతో చేసి చూపించాడు. అది లవెట్ సెంటుకు మలిముద్ర. 1961లో అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండినప్పుడు, రాబర్ట్ బాష్లో అనే యువ వ్యాపారి ఆ విరిగిన పాత అచ్చులు సంపాదించి, వాటినుంచి కొత్త అచ్చులు తీయించి, ఫిలడెల్ఫియాలోనే కొట్టించాడు. ఒక్క కంచులోనే ఇరవై వేలు. లవెట్ చెక్కిన అచ్చు మీది పగుళ్ళు ఈ నాణేల మీద కూడా దిగాయి. భయంతో దాచిన నూరేళ్ళ నాటి గాయం స్కూలు పిల్లలు కొనుక్కోగల బిళ్ళ మీద కనబడుతుంది. దాన్ని వేలితో తాకాలనిపించింది. తాకలేదు.

అప్పుడు నా సంచిలోంచి నేనొకటి తీశాను. మా మచిలీపట్నంలో పాత సామాన్ల కొట్లో కొన్న రాగి నాణెం. 1794 సంవత్సరం అరిగిపోయి ఉన్నా తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ గుర్తు, ఇలాంటివి 48 కలిపితే ఒక రూపాయి అన్న మాట. ఇంగ్లండు రాజు, పార్లమెంటు అనుగ్రహంతో అని లాటిన్లో ఉంది. ఆయన భూతద్దం పెట్టి ఒక్క చూపు చూసి, "సోహో" అన్నాడు. అవును. బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలు పెట్టిన సోహో టంకశాలలో, మన ఉత్తర సర్కారుల కోసం కొట్టి ఓడలెక్కించిన డబ్బు అది.

ఆ రెండు రాగి బిళ్ళలు ఒకే గుడ్డ మీద పక్కపక్కన ఉంటే నాకు ఒక సంగతి మనసుకు గట్టిగా తగిలింది. అమెరికాకు కూడా సోహోలో చవగ్గా కొట్టిస్తామని బేరం వచ్చింది. 1790లోనే జెఫర్సన్ కాదన్నాడు. డబ్బు కొట్టుకోవడం సర్వాధికారానికి గుర్తు, దాన్ని పరాయి నేలకు అప్పగిస్తే పరాయి అధికారానికి తలవంచినట్టేనని ఆయన వాదన. అందుకే వాళ్ళు రంపాల కొట్టు నేలమాళిగలో, వంకరటింకరగానైనా సొంతంగా మొదలుపెట్టారు. మా ఊరివాళ్ళను ఎవరూ అడగలేదు. కృష్ణా జిల్లా సంతలో మిరపకాయలు కొనే మనిషి చేతికి, తను చదవలేని లాటిన్ అక్షరాలతో, నున్నగా, చక్కగా కొట్టిన నాణెం వచ్చిపడింది. పనితనంలో 1792 నమూనాల కంటే అది మెరుగు. దాని వెనక మాత్రం మన తర్జనభర్జన ఒక్కటీ లేదు, మనం చేసి పారేసిన నమూనా ఒక్కటీ లేదు. సోహో అచ్చుల గతి కూడా ఆ ముసలాయనే చెప్పాడు. 1850లో ఆ టంకశాల సామాను వేలం వేస్తే, డబ్ల్యూ.జె. టేలర్ అనే లండన్ మనిషి తుక్కుగా అమ్మిన అచ్చులు కొని మలిముద్రలు కొట్టాడు. మిక్లీకి తమ్ముడి వరస! నాది చేతులు మారి అరిగిన మామూలు డబ్బు కాబట్టి దానికి ఆ అనుమానం అక్కర్లేదన్నాడాయన, నా అరచేతిలో పెడుతూ.

ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్ దాకా దారి మొత్తంలో సస్క్వెహన్నా నది చెసపీక్ అఖాతంలో కలిసే చోటు గుర్తుండిపోయింది. నది ఎక్కడ ఆగి సముద్రం ఎక్కడ మొదలైందో తెలియని వెడల్పు. అది బాల్టిమోర్‌కు ముందే దాటాం. ఆ తర్వాత చూసినవేవీ దానికి సాటి రాలేదు.

వాషింగ్టన్‌లో అమెరికా చరిత్ర మ్యూజియంలో నాణేల గదికి బరువైన ఇనప్పెట్టె తలుపు లాంటి ద్వారం ఉంది. ఫిలడెల్ఫియా టంకశాలవాళ్ళు 1838 నుంచి పోగుచేసిన సేకరణ 1923లో ఈ స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. నేను వచ్చింది 1804 డాలరు కోసం. ఆ ఏడాది టంకశాల లెక్కల్లో 19,570 డాలర్లు కొట్టినట్టుంది కాని, అవన్నీ పాత సంవత్సరాల అచ్చులతో కొట్టినవే. మరి 1804 అని ఉన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? 1834లో అమెరికా తరఫున ఎడ్మండ్ రాబర్ట్స్ సయాం రాజుకూ, మస్కట్ సుల్తానుకూ కానుకలు పట్టుకెళ్ళాల్సి వచ్చింది. దేశంలోని నాణేలన్నీ ఒక్కొక్కటి పెట్టెలో పెట్టి ఇవ్వాలనుకున్నారు. డాలరు ఆఖరిసారి కొట్టింది 1804లో కాబట్టి ఆ సంవత్సరంతోనే కొత్తగా అచ్చు చెక్కి కొట్టారు. సేకర్తలకు ఈ సంగతి తెలిశాక వెర్రెత్తింది. 1858 ప్రాంతంలో టంకశాలలోనే పనిచేసే ఎక్‌ఫెల్ట్ కుటుంబపు కుర్రవాడొకడు గుట్టుగా మరికొన్ని కొట్టి అమ్మాడు. అంచుల మీద ఉండాల్సిన అక్షరాలు లేకపోవడంతో దొరికిపోయాడు. వెనక్కి తెప్పించినవాటిలో ఒక్కటి మిగిలింది. అది 1857లో స్విట్జర్లండు బెర్న్ నగరంలో గురి పోటీల కోసం చేసిన వెండి నాణెం మీద కొట్టింది. అడుగున ఆ పాత బొమ్మ పూర్తిగా చెరగలేదు. అద్దం అవతల నుంచి నా కంటికి ఆ ఆనవాళ్ళు అందలేదు, పెద్దవి చేసిన ఫోటోల్లో తెలుస్తాయి.

ఆ కాలపు డైరెక్టరు జేమ్స్ స్నోడెన్ గురించి నాకు రెండు మనసులు. ఆయనే పాత నమూనాల్ని అధికారికంగా మళ్ళీ కొట్టించి, వాటిని ఇచ్చి, వాషింగ్టన్ స్మారక పతకాలు తీసుకున్నాడు. అలా పోగుచేసిన పతకాల గదిని 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజున తెరిచాడు. మ్యూజియం బాగుపడింది, నమూనాలకున్న నమ్మకం చెడింది. ఇందులో ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని తిట్టడం నా వల్ల కాలేదు.

"అయితే అత్తా, స్విస్ నాణెం మీద కొట్టింది దొంగదా, దొరదా?" అంది మేనకోడలు.

"దొంగగా పుట్టింది. దొరికిపోయి, దాచకుండా చూపించారు కాబట్టి ఇప్పుడు అన్నిటికన్నా నమ్మదగ్గ సాక్షి," అన్నాను. పక్కనే నిలబడి వింటున్న కాపలా మనిషికి మా తెలుగు అర్థం కాకపోయినా, మేమెక్కడ చూస్తున్నామో చూసి, ఆ వెలుగు కళ్ళలో పడకుండా ఎక్కడ నిలబడాలో చేత్తో చూపించాడు.

1877 నాటి యాభై డాలర్ల బంగారు నమూనాలు రెండూ ఈ సేకరణలోవే. విలియం వుడిన్ అనే సేకర్త 1909లో ఒక్కోదానికి 10,000 డాలర్లు పెట్టి కొన్నాడు. జాతి సొత్తు బయటికెలా వెళ్ళిందని గోల లేచేసరికి తిరిగి ఇచ్చేసి, బదులుగా టంకశాలలో పడి ఉన్న నమూనాలు పెట్టెల కొద్దీ తీసుకున్నాడు. వాటిని చదివి, ఎడ్గర్ ఆడమ్స్‌తో కలిసి 1913లో పుస్తకం వేశాడు. 1933లో ఆయనే దేశానికి ఆర్థికమంత్రి అయ్యాడు. ఆ పుస్తకమే లేకపోతే ఏది ముందు కొట్టిందో, ఏది వెనక కొట్టిందో ఇవాళ ఇంత స్పష్టంగా మాట్లాడుకోగలిగేవాళ్ళం కాదు.

మన దగ్గర కూడా, హైదరాబాద్ సైఫాబాద్‌లో, నిజాం కాలంలో 1903లో కట్టిన టంకశాల ఉంది. 2022 నుంచి అది మ్యూజియంగా మారి అందరికీ తెరిచి ఉంది. చార్మినార్ బొమ్మతో యంత్రాల మీద నాణేలు కొట్టిన చోటు. ఈసారి వెళ్ళినప్పుడు యంత్రాల దగ్గర ఆగిపోకుండా అడగాల్సినవి రాసిపెట్టుకున్నాను. ఆ చార్మినార్ నాణేనికి ముందు ఎన్ని నమూనాలు చేసి చూశారు? ఏ బొమ్మ వద్దనుకున్నారు? పని అయిపోయాక ఆ ఉక్కు అచ్చుల్ని ఏం చేశారు, కరిగించారా, చెరిపేశారా, ఇంకా ఏ బీరువాలోనైనా ఉన్నాయా?